తొలి ఆటే ఏడు పాయింట్లతో పోయింది: ఏడవాలా, ఆశపడాలా?

ప్రశ్న: ఆగస్టులో మాస్టర్స్‌కి అమెరికా వచ్చాను. రూమ్మేట్లు కొన్నారని నేనూ అమెరికన్ ఫుట్‌బాల్ స్టూడెంట్ పాస్ కొన్నాను. తొలి ఆటే మా యూనివర్సిటీ ఒక్క టచ్‌డౌన్ తేడాతో, అంటే ఏడు పాయింట్లతో ఓడిపోయింది. ల్యాబ్‌లో కొందరు సీజన్ అయిపోయినట్టే అంటున్నారు, ఇంకొందరు మనమే బాగా ఆడామంటున్నారు. నాకైతే దిగులూ ఉంది, ఎందుకో నమ్మకమూ ఉంది. ఎవరి మాట వినాలి? సోమవారం వీళ్ళతో ఏం మాట్లాడాలి?

జవాబు: ఇద్దరి మాటా వినండి. వాళ్ళు మాట్లాడేది ఒకే ఆట గురించి అయినా ఒకే సంగతి గురించి కాదు. బాగా ఆడామనేవాళ్ళు జట్టు సత్తా గురించి చెబుతున్నారు, అయిపోయిందనేవాళ్ళు లెక్క గురించి. సత్తా వారం వారం మారుతుంది. లెక్కలో పడ్డ ఓటమి మాత్రం డిసెంబరులో ప్లేఆఫ్ జట్లను ఎంచే రోజు దాకా చెక్కుచెదరదు. అందుకే మీకు దిగులూ నమ్మకమూ కలిసే వచ్చాయి.

దీనికి 2025 సీజన్ తొలి వారాంతం కంటే మంచి పాఠం దొరకదు. ఆగస్టు 30న కొలంబస్‌లో, ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ) ర్యాంకుల్లో ఒకటో స్థానంలో ఉన్న టెక్సాస్, మూడో ర్యాంకు ఒహాయో స్టేట్ చేతిలో 14–7తో ఓడింది. ఒహాయో స్టేట్ అంతకు ముందు సీజన్ చాంపియన్, ఆట వాళ్ళ సొంత మైదానంలో. యార్డుల లెక్క చూస్తే టెక్సాస్‌వి 336, ఒహాయో స్టేట్‌వి 203. ఎక్కువ దూరం నడిచినవాడే ఓడిపోయాడన్నమాట. ఎలాగో తెలియాలంటే నాలుగో డౌన్ చూడాలి.

కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. బంతి చేతిలో ఉన్న జట్టుకి పది యార్డులు సంపాదించడానికి నాలుగు ప్రయత్నాలు, వాటినే డౌన్లు అంటారు. మూడింటిలో పది రాకపోతే మామూలుగా బంతిని దూరంగా తన్నేస్తారు (దీన్నే పంట్ అంటారు), గోల్‌కి దగ్గర్లో ఉంటే మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్ కొడతారు. తెగించి నాలుగోదీ ఆడి విఫలమైతే బంతి అక్కడే ఎదుటివాళ్ళ పాలు. ఆ రోజు టెక్సాస్ అలా ఐదుసార్లు తెగించి ఒక్కసారే నెగ్గింది. వాటిలో అందరికీ గుర్తుండిపోయింది మూడో క్వార్టర్‌లోది. టచ్‌డౌన్ కోసం దాటాల్సిన గోల్ లైనుకి ఒక్క యార్డు, అంటే మూడడుగులు, మన ఇంటి గుమ్మం వెడల్పంత. క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసురుతూ దాడిని నడిపే ఆటగాడు, ఆర్చ్ మానింగ్ బంతి పట్టుకుని తన ముందు వరస లైన్‌మెన్ వెనకాలే తోసుకుని దూరబోయాడు. ఎదుట గోడ కదల్లేదు. ఆట ముగుస్తుండగా దొరికిన ఆఖరి అవకాశమూ నాలుగో డౌన్ మీదే ఆగిపోయింది.

మీ జట్టు ఆటనూ ఇలాగే విప్పి చూడండి. స్కోరు పక్కన పెట్టి, ఏదైనా స్పోర్ట్స్ యాప్‌లో ఆ ఆట బాక్స్ స్కోర్ తెరవండి. ముందు చూడాల్సింది టర్నోవర్లు, అంటే ఎవరు ఎన్నిసార్లు బంతి పోగొట్టుకున్నారన్నది. ఇందులో ఇంటర్‌సెప్షన్లకు, అంటే విసిరిన బంతిని ఎదుటివాళ్ళు పట్టేసుకోవడానికి, కారణం ఎక్కువగా క్వార్టర్‌బ్యాక్ తొందర. ఫంబుల్ అయిన, అంటే చేతిలోంచి జారిపోయిన బంతి ఎవరి చేతికి చిక్కుతుందన్నది చాలావరకు అదృష్టం, కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతి ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. మూడు ఫంబుల్స్ అయి మూడూ అవతలివాళ్ళకే చిక్కితే, వచ్చే వారం అలా జరగదని ధైర్యంగా ఉండొచ్చు.

తర్వాత మొత్తం యార్డుల జోలికి పోకుండా ఒక్కో ప్లేకి, అంటే ఒక్కో ప్రయత్నానికి, సగటున ఎన్ని యార్డులో చూడండి. ఎక్కువసేపు బంతి పట్టుకున్న జట్టుకి మొత్తం ఎలాగూ పెరుగుతుంది, సగటు అంత తేలిగ్గా మోసం చేయదు. ఆ పైన రెడ్ జోన్, అంటే గోల్ లైనుకి ముందున్న చివరి ఇరవై యార్డులు. అక్కడిదాకా వెళ్ళి ఎన్నిసార్లు టచ్‌డౌన్‌తో తిరిగొచ్చారు, ఎన్నిసార్లు మూడు పాయింట్లతో సరిపెట్టుకున్నారు, ఎన్నిసార్లు ఉత్తచేతులతో వచ్చారు. దగ్గరగా జరిగిన ఆటల్లో తేడా చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

చివరికి పెనాల్టీలు. తొలి ఆట గురించి మాట్లాడేటప్పుడు నిజంగా తవ్వాల్సింది ఇక్కడ. ప్రొఫెషనల్ జట్లకు సీజన్‌కి ముందు ప్రాక్టీస్ మ్యాచ్‌లుంటాయి. కాలేజీ జట్లకు ఆ సౌకర్యం లేదు. ఆగస్టంతా తమలో తాము ఆడుకుని, నేరుగా లక్షమంది ముందుకి వస్తారు. పైగా ఆటగాళ్ళు కాలేజీ మారడానికి వాడే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ పుణ్యమా అని జట్టులో చాలామంది నిన్నగాక మొన్న వేరే కాలేజీ నుంచి వచ్చినవాళ్ళే. అందుకని మొదటి ఆటలో కొన్ని తప్పులు దొర్లుతాయి: బంతి కదలకముందే కదిలే ఫాల్స్ స్టార్ట్, టైమ్ దాటిపోయే డిలే ఆఫ్ గేమ్, రెండింటికీ ఐదేసి యార్డులు వెనక్కి. హోరులో పిలుపు వినపడకపోవడం, పంట్ పట్టబోయి జారవిడవడం, నాలుగో క్వార్టర్‌లో ఎండకి కాళ్ళు పట్టేయడం కూడా ఆ కోవలోవే. ఇవి రెండు మూడు వారాల్లో సర్దుకుంటాయి. మీ ఓటమికి కారణాలు ఇవే అయితే మీ నమ్మకానికి ఆధారం ఉంది.

సర్దుకోనిది ఇంకోటి ఉంది. బంతికి రెండు వైపులా ముందు వరసలో ఉండే భారీ మనుషులు, లైన్‌మెన్. ప్రతి ప్లేలోనూ వాళ్ళు వెనక్కి నెట్టించుకుంటుంటే, ఒక యార్డు కావాల్సిన చోట ఆ ఒక్కటీ రాకపోతే, క్వార్టర్‌బ్యాక్‌కి తలెత్తి చూసే తీరికే దొరక్కపోతే, అది ప్రాక్టీసుతో తీరే లోపం కాదు. నూటయాభై కిలోల కుర్రాణ్ణి సెప్టెంబరులో కొత్తగా తయారుచేయలేరు. స్కోరు ఎంత దగ్గరగా ఉన్నా ఇలాంటి ఓటమికి మాత్రం దిగులుపడాల్సిందే.

ఇక లెక్క. ఐపీఎల్ అలవాటున్నవాళ్ళు ఇక్కడే పొరబడతారు. అక్కడ లీగ్ దశలో పద్నాలుగు ఆటలు, ఐదారు ఓడినా ప్లేఆఫ్ దారి మూసుకుపోదు, నెట్ రన్‌రేట్ అనే ఊరటా ఉంటుంది. ఇక్కడ రెగ్యులర్ సీజన్ పన్నెండే ఆటలు, నెట్ రన్‌రేట్ లాంటిది లేదు, ప్లేఆఫ్‌లోని పన్నెండు చోట్లకూ ఎవరు వెళ్ళాలన్నది ఒక కమిటీ కూర్చుని తేలుస్తుంది. కాన్ఫరెన్స్ (కొన్ని యూనివర్సిటీలు కలిసి ఆడుకునే లీగు) చాంపియన్లకు కొన్ని చోట్లు ఖాయం, మిగతావాటికి కొట్లాట. పెద్ద కాన్ఫరెన్స్ జట్టుకైనా రెండు ఓటముల దాకా ఆశ, మూడోది పడిందంటే మెడ మీద కత్తే. ఒహాయో స్టేట్ చేతిలో ఓడాక వచ్చిన ర్యాంకుల్లో టెక్సాస్ ఒకటి నుంచి ఏడుకే దిగింది, బాగా ఆడారని అందరూ ఒప్పుకున్నారు కాబట్టి. కానీ తర్వాత ఫ్లోరిడా, జార్జియాల చేతిలోనూ ఓడి 9–3తో ముగించేసరికి ప్లేఆఫ్ తలుపు మూసుకుంది. ఆగస్టులో కొలంబస్ వెళ్ళకుండా ఏ చిన్న జట్టుతోనో ఆడి గెలిచుంటే సంగతేంటన్న వాదన డిసెంబరంతా సాగింది.

నోటర్‌డేమ్‌ది ఇంకా కడుపుకోత. అదే వారాంతంలో మయామీ చేతిలో 27–24తో, ఆఖరి నిమిషాల్లో పడ్డ ఫీల్డ్ గోల్‌తో ఓడింది. మరుసటి ఆటలో టెక్సాస్ ఏ అండ్ ఎమ్ చేతిలో 41–40తో, ఒక్క పాయింటు తేడాతో పోయింది. ఆ తర్వాత పదికి పది గెలిచింది. చివరికి నోటర్‌డేమ్, మయామీ రెండూ 10–2తో నిలిచినప్పుడు కమిటీ ఆ తొలి ఆటనే తీసి చూసింది. మయామీ లోపలికి, నోటర్‌డేమ్ బయటికి. మూడు నెలల కిందటి మూడు పాయింట్లు సీజన్ మొత్తాన్ని మింగేశాయి. కాబట్టి అయిపోయిందంటున్న మీ ల్యాబ్ మిత్రుణ్ణి అతి చేస్తున్నాడని కొట్టిపారేయకండి. అతను మాట్లాడుతున్నది లెక్క గురించి.

అయినా అదే వారం అలబామా తల్లహాసీలో ఫ్లోరిడా స్టేట్ చేతిలో 31–17తో, అంటే మీకంటే ఘోరంగా ఓడింది. డిసెంబరులో ప్లేఆఫ్‌కి వెళ్ళింది అలబామా. ఆ రోజు పండగ చేసుకున్న ఫ్లోరిడా స్టేట్ సీజన్ 5–7తో ముగిసింది.

మరి తొలి ఓటమి కంటే ప్రమాదమైనదేది? రెండో వారం. 2010లో వర్జీనియా టెక్ తొలి ఆటలో బోయిసీ స్టేట్ చేతిలో 33–30తో ఓడింది. అది లేబర్ డే సోమవారం రాత్రి. ఐదు రోజులకే, శనివారం, కింది డివిజన్‌కి చెందిన జేమ్స్ మాడిసన్ చేతిలో 21–16తో సొంతగడ్డ మీద ఓడింది. కోలుకునే వ్యవధి తక్కువ, మనసు ఇంకా మొన్నటి ఆటలోనే. ఆ తర్వాత అదే జట్టు వరసగా పదకొండు గెలిచి కాన్ఫరెన్స్ చాంపియన్ అయిందన్నది వేరే సంగతి. కాబట్టి వచ్చే శనివారం మీవాళ్ళు చిన్న జట్టుతో ఆడుతుంటే నిశ్చింతగా ఉండకండి, అలాగని యాభై పాయింట్లు కొట్టేస్తే పొంగిపోకండి. టెక్సాస్ కూడా ఆ మరుసటి వారం శాన్ హోసే స్టేట్‌ని 38–7తో చితక్కొట్టింది. చూడాల్సింది ఆ 38ని కాదు, ఫాల్స్ స్టార్టులు తగ్గాయా, ఒక యార్డు కావాల్సిన చోట వచ్చిందా అన్నది.

సోమవారం మాటల సంగతికొస్తే, కొత్తవాళ్ళు చేసే మొదటి పొరపాటు ‘ఆటే కదా’ అనడం. అభిమానంతో కాకుండా ఆటను ఇప్పుడిప్పుడే చూస్తున్నవాళ్ళ నోట అది మరీ పుల్లగా వినిపిస్తుంది. ‘టఫ్ లాస్’ అని రెండు ముక్కలు చాలు, తర్వాత వాళ్ళనే మాట్లాడనివ్వండి. ‘మోరల్ విక్టరీ’ (ఓడినా గెలిచినంత పని) అన్న మాట మాత్రం పెద్ద జట్ల అభిమానుల దగ్గర వాడొద్దు, చిన్న జట్టుకి ముష్టి వేసినట్టుంటుంది. కోచ్‌ని తీసెయ్యాలన్న చర్చలో మొదటి సెమిస్టర్‌లో తలదూర్చకపోతే మంచిది. ఇక్కడివాళ్ళు స్టేడియంలో అడుగుపెట్టకపోయినా ‘వి లాస్ట్’ అంటారు. అదే వాక్యం మన భాషలో చెప్పాలంటే ఎవరితో మాట్లాడుతున్నారో చూసుకోవాలి: రూమ్మేట్‌తో అయితే ‘మనం ఓడిపోయాం’, అవతలి యూనివర్సిటీలో చదివే బావతో అయితే ‘మేం ఓడిపోయాం’. మీకు తెలియకుండానే ‘మనం’ అనేశారంటే ఇక మీరు ఆ జట్టు మనిషే. (డాలస్ పక్క చదివే మనవాళ్ళలో చాలామందికి ఈ బాధే లేదు. యూటీ డాలస్‌కి ఫుట్‌బాల్ జట్టు లేదు, యూటీ ఆర్లింగ్‌టన్ 1985 సీజన్ తర్వాత జట్టునే ఎత్తేసింది.)

ఓటమి రోజు మైదానంలో ఇంకో మర్యాద ఉంది. చాలా యూనివర్సిటీల్లో ఓడినా గెలిచినా ఆటగాళ్ళు విద్యార్థుల వైపు వచ్చి నిలబడతారు, బ్యాండ్ యూనివర్సిటీ పాట అందుకుంటుంది. పార్కింగ్ రద్దీ తప్పించుకుందామని అంతకు ముందే లేచిపోతే పక్కవాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. పరాయి ఊళ్ళో ఓడి, వాళ్ళ జనం మైదానంలోకి దూకితే మాత్రం మీరు సీట్లోంచి కదలకండి, గుంపు పలచబడ్డాకే బయల్దేరండి.

బాధలో చేసే ఖరీదైన పనులు రెండు. ఒకటి, తాగి స్టీరింగ్ పట్టడం. ఎఫ్‌–1 మీద ఉన్నవాళ్ళు డీయూఐలో అరెస్టయితే కేసు కోర్టులో తేలకముందే వీసా రద్దయ్యే అవకాశం ఉంది. రెండోది, పోయింది రాబట్టుకుందామని ఫోన్‌లో పందెం వేయడం. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో ఆటల పందేలకు చట్టబద్ధత లేదు. ఉన్న రాష్ట్రంలోనైనా, నాన్‌రెసిడెంట్‌గా పన్ను కట్టే విద్యార్థికి, అంటే మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు, గెలిచిన సొమ్ము మీద 30 శాతం పన్ను. పోగొట్టుకున్నది అందులోంచి తీసేసుకునే వీలు లేదు. వంద గెలిచి వంద పోగొట్టుకున్నా ముప్పై కట్టాలి.

పాస్ అమ్మేసుకోవాలని ఇప్పుడే అనుకోకండి. ఓటమి తర్వాత టికెట్ల ధరలు దిగడం మామూలే, అమ్మడానికి ఇది చెడ్డ వారం, కొనడానికి మంచి వారం. అమ్మానాన్నలు వస్తున్నారంటే ఇప్పుడే తీసుకోండి. విద్యార్థి టికెట్‌తో విద్యార్థి కానివాళ్ళని చాలాచోట్ల రానివ్వరు, తేడా సొమ్ము కట్టి మార్పించాలి. వాట్సాప్ గ్రూపులో ముక్కూమొహం తెలియనివాళ్ళ దగ్గర కొంటే స్క్రీన్‌షాట్ తీసుకోకండి, గేటు దగ్గర పనికిరాదు. టికెట్ అధికారిక యాప్‌లో మీ పేరు మీదికి బదిలీ అయ్యాకే డబ్బు పంపండి, జెల్ (ఫోన్‌లో డబ్బు పంపే సేవ)లో పంపింది వెనక్కి రాదు. బ్యాగు పారదర్శకంగా ఉండాలి, చాలా స్టేడియాల్లో కొలత 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 వెడల్పు. సెప్టెంబరు మధ్యాహ్నపు ఆటకి అమ్మకి టోపీ, అల్యూమినియం బెంచీ మీదికి ఒక దుప్పటి మడత తీసుకెళ్ళండి. స్టూడెంట్ సెక్షన్‌లో మూడున్నర గంటలూ నిలబడే చూస్తారు కాబట్టి వాళ్ళకి వేరే చోట సీట్లు చూడండి.