పొలంలో సెన్సార్లు పెట్టే ముందు

రాజేంద్రనగర్, హైదరాబాద్.

చి.సౌ. మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. శంకర్‌పల్లి దగ్గర నాలుగెకరాల కూరగాయల తోటకూ, పది బర్రెల కొట్టానికీ సెన్సార్లు అమర్చడానికి కంపెనీ వాళ్లు ఇచ్చిన అంచనా కాగితాన్ని శ్రద్ధగా చదివాను. అందులోని ప్రతి పరికరం పక్కన, అది చూపే అంకెను బట్టి నువ్వు ఏ పనిని ఎలా మార్చుకుంటావో ఒక్క వాక్యంలో రాసి చూడు. వాక్యం కుదరని పరికరాన్ని ఈ ఏడాది కొనవద్దు. ఉదాహరణకు, వాతావరణ కేంద్రం ఇప్పుడు అవసరం లేదు. వాతావరణ శాఖ మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో ఇచ్చే సలహాలూ, గట్టు మీద ఒక మామూలు వర్షమాపకమూ నీకు చాలు.

నేల తేమను కొలిచే సెన్సారుతో మాత్రం తప్పకుండా మొదలుపెట్టు. విద్యుత్ క్షేత్రానికి నీరు స్పందించే తీరు పొడి మట్టి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ తేడాను బట్టే సెన్సారు మట్టిలో నీరు ఎంత శాతముందో లెక్కగడుతుంది. అయితే నేలలో ఉన్న నీరంతా మొక్కకు అందదు. ఎర్ర చెలకలో 20 శాతం తేమ అంటే పైరుకు హాయిగా సరిపోతుంది. బరువైన నల్లరేగడిలో మట్టి నీటిని గట్టిగా పట్టి ఉంచుతుంది గనుక అదే 20 శాతం దగ్గర మొక్క వాడిపోతుంది. మన ప్రాంతంలో ఈ రెండు నేలలూ పక్కపక్కనే ఉంటాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) ఆవరణలోనే రెండూ ఉన్నాయి. కాబట్టి కంపెనీ వాళ్లు ముందే నింపి ఇచ్చిన హద్దులను నమ్మకుండా, నీ మట్టికి నువ్వే సరిచూసుకో. కొలత తెలిసిన రింగుతో మట్టి తీసి తూకం వేయించి, 105 డిగ్రీల దగ్గర 24 గంటలు ఆరబెట్టించి మళ్లీ తూచితే, తగ్గిన ప్రతి గ్రాముకూ ఒక ఘనపు సెంటీమీటరు నీరు ఉన్నట్టు లెక్క. ఆ నీటిని రింగు ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చే శాతాన్ని సెన్సారు అంకెతో పోల్చి చూడు.

సెన్సారును డ్రిప్పరు కిందనే కాకుండా జానెడు దూరంలో, 15 సెంటీమీటర్ల లోతున ఒకటి, 40 సెంటీమీటర్ల దగ్గర ఒకటి పెట్టించు. తడి పెట్టిన ప్రతిసారీ కిందిది పెరుగుతోందంటే నీరు, దానితో పాటు నువ్వు వేసిన యూరియా, వేళ్లను దాటి పోతున్నాయని అర్థం. అప్పుడు తడి సమయాన్ని తగ్గించాలి. నాకు ఈ రెండో సెన్సారే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది, కానీ అంచనాలో అది లేనే లేదు. రేగడి ఎండి నెర్రెలు విచ్చితే సెన్సారు చుట్టూ గాలి చేరి, తేమ తక్కువున్నట్టు చూపుతుంది. మోటారును సెన్సారు చేతికే అప్పగిస్తే తడిగా ఉన్న మడికి మళ్లీ నీళ్లు పారతాయి. అందుకే మొదటి పంటకు సెన్సారు నీ ఫోనుకు సందేశం మాత్రమే పంపాలి. మొబైల్ స్టార్టరుతో మోటారు వేసేది నువ్వే కావాలి.

ఇక బర్రె ఎదకు, అంటే చూలుకు సిద్ధమయ్యే దశకు, వచ్చిందని పసిగట్టే మెడ పట్టీల సంగతి. 21 రోజులకోసారి వచ్చే ఎదను ఒక్కసారి గుర్తించకపోతే మరో 21 రోజుల మేత ఖర్చు మీద పడుతుంది గనుక నీ ఆశ సబబే. అయితే ఈ పట్టీలలో చాలా వరకు ఆవుల కోసం తయారైనవి. ఎదకు వచ్చిన ఆవు తిరుగుడు ఎక్కువవుతుందనే లెక్క మీద అవి పనిచేస్తాయి. బర్రెల్లో మూగ ఎద, అంటే లక్షణాలు పైకి సరిగా కనిపించని ఎద, ఎక్కువ, ఎండాకాలంలో మరీ ఎక్కువ. పైగా లక్షణాలు తరచుగా రాత్రిపూటే కనిపిస్తాయి. రోజంతా గుంజకు కట్టేసిన బర్రె ఎదలో ఉన్నా ఎక్కడికి తిరుగుతుంది? ముందు కంచె కట్టి వాటిని వదిలే ఏర్పాటు చెయ్యి, ఆ తరువాతే పట్టీలు. సందేశం వచ్చాక కూడా తీగలు (మానం నుంచి జారే జిగట ద్రవం) వేస్తోందో లేదో కళ్లతో చూసి, ఎద మొదలైన సుమారు 12 గంటలకు చూలు కట్టే సూది (కృత్రిమ గర్భధారణ) వేయించు. నెమరు వేసే సమయాన్ని కూడా పట్టీ లెక్కిస్తే, ఏ బర్రెను ఆ బర్రె మామూలు రోజుతోనే పోల్చు. పాలు తగ్గకముందే నెమరు తగ్గడం జబ్బుకు తొలి సూచన కావచ్చు. పట్టీ నంబరును చెవి పోగు మీది 12 అంకెల సంఖ్యతో కలిపి రాసుకో. పొదుగువాపును పట్టే యంత్రం పది బర్రెలకు అనవసరం. పాలు పితికే ముందు మొదటి ధారలను నల్లటి గిన్నెలో పట్టి చూస్తే చాలు.

అడ్వాన్సు ఇచ్చే ముందు మూడు విషయాలు కాగితం మీద రాయించుకో: మొదటి ఏడాది చందా ముగిశాక పరికరాలు అంకెలు చూపుతాయా, ఆ అంకెలన్నీ నీ కంప్యూటర్లోకి దించుకోవచ్చా, చెడిపోతే ఎన్ని రోజుల్లో మనిషిని పంపుతారు. దీనికి ఒప్పుకోకపోతే ఈ యాసంగికి రెండు తేమ సెన్సార్లు, రెండు పట్టీలు మాత్రం మరొకరి దగ్గర తీసుకుందాం. ఒప్పంద పత్రం చేతికి రాగానే నాకు పంపు. సంతకం పెట్టకముందే ఇద్దరం కూర్చుని చదువుదాం.

ఇట్లు,
మీ మామయ్య