నది అడుగున వందల ఏళ్లున్నా చెక్క పడవ ఎందుకు కుళ్లిపోదు?

బురదలో ఆక్సిజన్ దాదాపు ఉండదు కాబట్టి కుళ్లిపోదు. చెక్కను తినే బూజుకు తేమతో పాటు గాలీ కావాలి. మంచినీటి నది అయితే ఇంకో లాభం: చెక్కను తొలిచేసే ఓడపురుగు (పేరుకే పురుగు, నిజానికి ఆల్చిప్పల జాతి) ఎక్కువగా ఉప్పునీటిలోనే బతుకుతుంది.

అమెరికాలోని సౌత్ కరోలినాలో, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల శ్రమతో ఒడ్డున వరి సాగు నడిచిన నదుల్లో ఇలాంటి పడవలు చాలా దొరికాయి. అక్కడి బ్లాక్ నదిలో ఇటుకల లోడుతో మునిగిన 18వ శతాబ్దపు సరుకు పడవను 1976లో పైకి తీశారు. అది ఇప్పుడు జార్జ్‌టౌన్‌లోని రైస్ మ్యూజియంలో ఉంది. పొలాలకు నీళ్లు వదిలే చెక్క తూములు కూడా బురదలో మిగిలాయి. అవి ఇంచుమించు మన చెరువు తూముల్లాంటివే, కాకపోతే సముద్రపు పోటు నదిని పైకి నెట్టినప్పుడు ఆ మంచినీటిని లోపలికి తీసుకునేవి.

నీళ్లే చెక్కను పాడుచేస్తాయనీ, బయటికి తీసి ఆరబెడితే సరిపోతుందనీ చాలామంది అనుకుంటారు. అసలు టెన్షన్ మొదలయ్యేది అప్పుడే. చెక్క కణాల్లో నిండిన నీరు ఆవిరైతే అవి కుంగి, పలకలు ముడుచుకుని పగిలిపోతాయి. అందుకే ఆ నీటి స్థానంలోకి పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే మైనం లాంటి పదార్థాన్ని నెమ్మదిగా ఎక్కిస్తారు. పెద్ద పడవకు దీనికే ఏళ్లు పడుతుంది.