ఇంగ్లండ్‌లో మామూలు కుటుంబం ముత్తాతల వివరాలు ఎంత వెనక్కి దొరుకుతాయి?

ఓపిక ఉంటే ఏడెనిమిది తరాలు దొరుకుతాయి. ప్రభుత్వ జనన మరణాల నమోదు 1837లో మొదలైంది, ఇంటింటి పేర్లున్న జనాభా లెక్కలు 1841 నుంచి ఉన్నాయి, అంతకుముందుకి చర్చి రిజిస్టర్లే దిక్కు. ఇది ఎవరైనా చెప్తారు గానీ, నన్నడిగితే అసలు నిధి 1911 జనాభా లెక్కల ఫారం.

మా అత్తగారిది లాంకషైర్‌లోని బర్న్‌లీ, పుట్టింటివాళ్లంతా నూలు మిల్లుల్లో నేతపనివాళ్లు. అంతకుముందు లెక్కల్లో మనకు దొరికేది లెక్కరాసేవాడి రాత, 1911లో మాత్రం ఇంటిపెద్ద నింపిన కాగితాన్నే దాచారు. అలా ఆవిడ తన ముత్తాత చేతిరాతను మొదటిసారి నా లాప్‌టాప్‌లో చూశారు. వాళ్ల అమ్మమ్మకి అప్పుడు 12 ఏళ్లు, పని అన్నచోట నేత, హాఫ్ టైమ్ అని ఉంది, అంటే సగం పూట మిల్లు, సగం పూట బడి. "అమ్మమ్మ ఇవేవీ చెప్పలేదే" అని నవ్వుతూనే పక్క గడులు చూశారు. పెళ్లైన ఆడవాళ్లకి ఎంతమంది పుట్టారు, ఎంతమంది ఉన్నారు, ఎంతమంది పోయారు అని ఆ ఏడు అడిగారు. పుట్టినవాళ్లు 9, ఉన్నవాళ్లు 5, పోయినవాళ్లు 4. ఆ నలుగురి సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు, టీ చల్లారిపోయింది, తర్వాత "పేర్లు దొరుకుతాయా?" అని మాత్రం అడిగారు.

రిజిస్ట్రార్ ఆఫీసు ఆన్‌లైన్ జాబితాలో బిడ్డ పేరు పక్కనే తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. దాంతో వెతికి, పసిపిల్లల మరణాలతో సరిచూస్తూ రెండు వారాలు కూర్చుంటే ముగ్గురు తేలారు.

ఇక నా చిరాకులు. 1931 లెక్కలు 1942లో మంటల్లో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల లెక్కలే తీయలేదు. పెళ్లి పత్రంలో తండ్రుల పేర్లే తప్ప తల్లుల పేర్లు 2021 దాకా రాయలేదు! వీటన్నిటికన్నా ఒళ్లు మండేది రాజులతో చుట్టరికం కలిపేవాళ్లని చూస్తే. ఒకాయన మా అత్తగారివాళ్లని ఏదో ప్రభువు వంశానికి అతికించేశాడు, ఆధారం ఏదయ్యా అంటే ఇంటిపేరు ఒకటేనట. నవ్వుదామంటే మనమూ తక్కువ తినలేదు, గోత్రం ఋషి దాకా గడగడా చెప్పే మా నాన్నగారికి వాళ్ల నాయనమ్మ పేరు సుబ్బమ్మో సూరమ్మో తెలీదు.

నాలుగో బిడ్డ పేరు ఇంకా దొరకలేదు.