లోన్ వద్దు, ముందు ట్రైనీగా ప్లాంటులో చేరండి

ప్రశ్న: నా వయసు 36. గోడౌన్‌లో షిఫ్టు పని చేస్తున్నాను. ఇల్లు నా జీతం మీదే నడుస్తుంది. మురుగునీటి శుద్ధి ప్లాంటులో సర్టిఫైడ్ ఆపరేటర్ కావాలని ఉంది. ఆరు నెలల కోర్సు చేస్తే సర్టిఫికెట్ గ్యారంటీ అని ఒక శిక్షణ సంస్థ చెబుతోంది. ఫీజు నా నాలుగు నెలల జీతమంత. నాలుగు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది. దాన్ని కదపకుండా పర్సనల్ లోన్ తీసుకుని, ఉద్యోగం మానేసి కోర్సులో చేరమంటారా?

జవాబు: మీరు ఎంచుకున్న పని మంచిది. ఊళ్లో మురుగు పారుతున్నంత కాలం ఆ ప్లాంటు మూతపడదు, వ్యాపారాలు దెబ్బతిన్న ఏడాది కూడా నడవాల్సిందే. కానీ లోన్ తీసుకోవద్దు. ఉద్యోగం కూడా ఇప్పుడే మానొద్దు.

కోర్సు చేసినంత మాత్రాన ఈ సర్టిఫికెట్ రాదు. లైసెన్సు పద్ధతి ఉన్న చోట దాన్ని ప్రభుత్వ శాఖో, అది గుర్తించిన బోర్డో ఇస్తుంది. పరీక్ష పాసవ్వాలి, ప్లాంటులో పనిచేసిన అనుభవమూ చూపించాలి. అమెరికా, కెనడాల్లో చాలా చోట్ల ఆపరేటర్లకు నాలుగు తరగతులున్నాయి. మొదటి తరగతికి సాధారణంగా హైస్కూల్ చదువు, ఏడాది అనుభవం అడుగుతారు. పైతరగతికి వెళ్లే కొద్దీ అనుభవం పెరగాలి. ఆరు నెలల తరగతులు ఆ ఏడాది అనుభవానికి పూర్తిగా బదులు కావు. కాబట్టి మీకు కోర్సు చివర దొరికేది ఆ సంస్థ ఇచ్చే కాగితమే, లైసెన్సు కాదు.

అనుభవం మీద ఇంత పట్టు ఎందుకంటే, ప్లాంటులో సగం పని చేసేది సూక్ష్మజీవులు. ఏరేషన్ ట్యాంకులో బ్యాక్టీరియా మురుగును తింటుంది, బ్లోయర్లు దానికి గాలి అందిస్తాయి. ఆ నీళ్లలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉండేలా చూసుకుంటారు. బాగా తగ్గితే బ్యాక్టీరియా దెబ్బతింటుంది, అవసరానికి మించి గాలి కొడితే కరెంటు బిల్లు పెరుగుతుంది. నీటి కాలుష్యాన్ని కొలిచే ప్రధాన పరీక్ష బీఓడీ ఫలితం రావడానికి 5 రోజులు పడుతుంది. అన్ని రోజులు ఆగితే ప్లాంటు చెయ్యి దాటిపోతుంది. అందుకే ఆపరేటర్ ఆ ట్యాంకు నీళ్లు జాడీలో పోసి, 30 నిమిషాలు అందులోని బురద ఎలా అడుగుకు చేరుతోందో చూస్తాడు. నురగ రంగు, వాసన, పంపు శబ్దం గమనించి అప్పటికప్పుడు నిర్ణయం తీసుకుంటాడు. ఇది క్లాసులో కూర్చుంటే వచ్చే విద్య కాదు. ప్లాంటులో దీన్ని నేర్చుకుంటున్నప్పుడు మీకు జీతం కూడా వస్తుంది. నేర్చుకోవడానికి ఎదురు డబ్బిచ్చి వడ్డీ కూడా కట్టడం నాకు అస్సలు నచ్చలేదు.

కాబట్టి ముందు ట్రైనీ ఉద్యోగం వెతకండి. హెల్పర్ పోస్టయినా ఫరవాలేదు, కానీ ఆ అనుభవాన్ని లైసెన్సుకు లెక్కలోకి తీసుకుంటారో లేదో బోర్డును రాతపూర్వకంగా అడగండి. పైపులు కడగడం ఒక్కటే పనైతే లెక్కలోకి రాకపోవచ్చు. కొన్ని చోట్ల ముందే పరీక్ష రాయనిస్తారు, అనుభవం పూర్తయ్యాక లైసెన్సు ఇస్తారు. ఫీజులు తిరిగి ఇచ్చే యాజమాన్యాలూ ఉన్నాయి. ఇంటర్వ్యూలోనే అడగండి, మొహమాటం వద్దు.

ఇక ఇంటి లెక్క. మీ జీతం 100, ఇంటి ఖర్చు 90 అనుకుందాం. ట్రైనీ జీతం 80 అయితే నెలకు 10 లోటు. లైసెన్సు చేతికొచ్చి జీతం పెరగడానికి 18 నెలలు పట్టినా మొత్తం లోటు 180, అంటే రెండు నెలల ఖర్చు. మీ పొదుపు దాన్ని భరించగలదు, ఇంకో రెండు నెలల ఖర్చు మిగులుతుంది కూడా. లోన్ తీసుకుని ఉద్యోగం మానేసి ఉంటే జీతం సున్నా అయ్యేది, పైగా ఈఎంఐ. ఆ పొదుపు నాలుగు నెలలు కూడా నిలవదు.

అయితే ఒకే జీతం మీద నడిచే ఇంటికి రెండు నెలల నిల్వ సరిపోదు. అందుకే వచ్చే మూడు నెలలు ఇప్పటి జీతంలో 80 మాత్రమే వాడి చూడండి. నెలకు 20 చొప్పున మిగిలిన 60ని ప్రత్యేక ఖాతాలో వేయండి. నిల్వ పెరుగుతుంది, ఆ జీతంతో ఇల్లు నడుస్తుందో లేదో ఇంట్లో అందరికీ తెలుస్తుంది. మూడో నెలకే ఊపిరాడకపోతే మరికొంత పోగయ్యేదాకా ఆగండి.

ఈలోగా సాయంత్రాలు లెక్కలు చెయ్యండి. చాలామంది పరీక్షలో తడబడేది అక్కడే. 1,000 ఘనమీటర్ల ట్యాంకులోకి రోజుకు 4,000 ఘనమీటర్లు వస్తే నీరు ఎంతసేపు నిలుస్తుంది? ఆరు గంటలు. ఇలాంటివి రోజుకు పది చేస్తే భయం పోతుంది. దీనికి పుస్తకాల ఖర్చు చాలు.

చేరేముందు ఇన్సూరెన్స్ సంగతి చూసుకోండి. ఇది ప్రమాదం ఉన్న పని. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, ఎక్కువైతే ముక్కుకు ఆ వాసన తెలియడమే ఆగిపోతుంది. ప్రాణాలు పోయేది అప్పుడే. గ్యాస్ డిటెక్టర్ ఇవ్వకుండా మ్యాన్‌హోల్‌లోకి దిగమనే చోట ఎంత జీతమిచ్చినా చేరకండి. టర్మ్ పాలసీ, పనిచేయలేని స్థితి వస్తే ఆదాయమిచ్చే పాలసీ తీసుకోండి. దరఖాస్తులో పని వివరాలు ఉన్నవి ఉన్నట్టు రాయండి, దాచి తక్కువ ప్రీమియం కడితే క్లెయిము దగ్గర మీ ఇంటివాళ్లు ఇబ్బంది పడతారు.

నైట్ షిఫ్టు అలవెన్సు, ఓవర్‌టైమ్ వస్తాయని ఎవరైనా చెబితే వాటిని నమ్ముకుని కొత్త ఈఎంఐ పెట్టుకోకండి. లైసెన్సును ఎన్నేళ్లకోసారి రెన్యువల్ చేయించాలో, అందుకు ఎన్ని గంటల శిక్షణ కావాలో కూడా బోర్డునే అడిగి ఆ ఖర్చు పక్కన పెట్టండి.

ఇంత చెప్పాక కూడా ఆ కోర్సు మీద మనసుంటే, "మీ ఆరు నెలల్ని బోర్డు ఎన్ని నెలల అనుభవంగా లెక్కేస్తుంది?" అని సంస్థను అడగండి. జవాబు కాగితం మీద తీసుకుని, అదే ప్రశ్న బోర్డును కూడా అడగండి. రెండు జవాబులూ కలిసేదాకా ఒక్క రూపాయి కూడా కట్టకండి.