వరద నీళ్లకు వణికిన లాబ్రడార్

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

నీ వరద కథ చదివాను. మామ్మ మాటలు బాగున్నాయి. నన్ను ఇబ్బంది పెట్టింది కుక్క.

గోదావరి లంకలో నీళ్లు వాకిట్లోకొచ్చేసరికి ఆ ఇంటి లాబ్రడార్ డాబా ఎక్కేసి, ఓ మూల గజగజ వణుకుతూ కూర్చుందని రాశావు. ఎందుకమ్మా? కలవారింటి కుక్క కాబట్టి సుకుమారంగా ఉంటుందనుకున్నావా? ఆ జాతి పుట్టింది జాలరుల దగ్గర. కెనడాలోని లాబ్రడార్ అనే చోట కూడా కాదు, దాని పక్కనున్న న్యూఫౌండ్‌లాండ్ దీవిలో. ఆ చలి సముద్రంలో గాలం నుంచి జారిన చేపను పట్టుకురావడం, వల తాళ్లను నోట కరుచుకుని ఒడ్డుకు లాగడం దాని పూర్వీకుల పని. 19వ శతాబ్దం మొదట్లో ఉప్పు చేపల ఓడలతో పాటు ఇంగ్లండ్‌లోని పూల్ రేవుకు చేరితే, మామ్స్‌బరీ ప్రభువులు బాతుల వేట కోసం పెంచారు. 1880లలో వాళ్లిచ్చిన కుక్కలతోనే స్కాట్లండ్‌లో బక్లూ డ్యూక్ ఇంట ఈ జాతి నిలబడింది. 1903లో బ్రిటన్‌లోని కుక్క జాతుల సంస్థ కెన్నెల్ క్లబ్ గుర్తింపు ఇచ్చింది. దీవిలోని ఆ పాత జాతి మాత్రం కుక్కల మీద వేసిన పన్నులకీ, ఇతర కారణాలకీ క్రమంగా అంతరించిపోయింది.

దాని ఒళ్లు చూడు. పైన బిరుసు వెంట్రుకలు, లోపల మెత్తటి దట్టమైన బొచ్చు, నీళ్లు చర్మం దాకా పోవు. వేళ్ల మధ్య పొర ఉంటుంది. మొదలు దగ్గర లావుగా ఉండే తోక ఈదేటప్పుడు చుక్కానిలా తిరుగుతుంది. ఇలాంటి కుక్కను గోదావరి పక్కన పెట్టి నీళ్లకు భయపెట్టావు!

ఏ ప్రాణిని కథలోకి తెచ్చినా అది ఏ పని చేసి బతికిందో ముందు తెలియాలి. మనిషికైనా, గేదెకైనా ఇదే వర్తిస్తుంది. ఈ మాట మీద నేను చాలామందితో గొడవపడ్డాను. 1986 గోదావరి వరదల తర్వాత ఓ జాలరి కథ రాశాను. విసురు వలకు సీసం గుళ్లు ఎలా కడతారో తెలుసుకోవడానికి రేవులో కూర్చుని, నా చేతులతో కట్టి మరీ రాశాను. నేను పంపిన పత్రిక ఎడిటర్ గారు ఆ పేరా మొత్తం కొట్టేసి, ఇది సమాచారం, కథ కాదు అన్నారు. జాలరి ఏడ్చే పేరా మాత్రం ఉంచారు. చేతుల్లో పని లేని మనిషి ఏడిస్తే పాఠకుడికి ఏం పడుతుంది? ఆ కోపం నాకింకా పోలేదు. ఇప్పటి కోనసీమ కథలు చూసినా అంతే, కొబ్బరాకులూ పులస పులుసూ తప్ప ఎవరూ ఏ పనీ చేయరు.

మామ్మ పోయాక కుక్క మెతుకు ముట్టలేదని రాశావు. అక్కడ నాకు గొంతు పట్టేసింది, నిజం. కానీ నువ్వు దాన్ని చేజార్చుకున్నావు. లాబ్రడార్ అంటేనే ఆకలి. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు తేల్చారు, సుమారు నాలుగింట ఒక లాబ్రడార్‌లో కడుపు నిండిందని తెలియజేసే పీఓఎంసీ అనే జన్యువులో కొంత భాగం ఉండదట. అంత తిండి యావ ఉన్న ప్రాణి అన్నం మానేయడం మామూలు విషయమా? అందుకే ముందు దాని తిండి చూపించు. మామ్మ పెరుగన్నం కలుపుతుంటే చొంగ కారుస్తూ కాళ్లకు అడ్డం పడాలి, గిన్నె నాకీ నాకీ గోడ దాకా తోసుకుపోవాలి. కోతలయ్యాక చేలల్లోకి బాతుల మంద వస్తుందిగా, ఓ బాతు గుడ్డు చిట్లకుండా నోట పట్టుకొచ్చి ఆవిడ ముందు పెట్టనీ. వేటలో తుపాకీతో కాల్చిన పక్షికి పన్ను గాటు పడకుండా తేవడానికే ఆ మెత్తటి నోటి కోసం తరాలుగా ఏరి ఏరి పెంచారు దాన్ని.

అలాగని వరదలో పసిబిడ్డను కాపాడే వీరుడిని చేయకు. అలాంటివి పత్రికలు అడిగి మరీ వేసుకుంటాయి. ఆ ప్రవాహంలో ఏ కుక్కా నిలవదు. మెట్ల మీద కట్టేసి ఉంచు, అది నీళ్లవైపు గొలుసు లాగుతూ ఉంటే చాలు.

కలం పేరు గురించీ, పోటీల గురించీ అడిగావు. అవి తర్వాత. ముందు అంతర్వేది పల్లిపాలెం వెళ్లి, వలలు బాగుచేసుకునేవాళ్ల దగ్గర ఓ పూట కూర్చో. తిరగరాసి పంపేటప్పుడు పక్కన మార్జిన్ ఎక్కువ వదులు.