కుక్కపిల్ల కొరుకుతోందని నొప్పి సిరప్ పడుతున్నారా? ముందు ఇది చదవండి

ప్రశ్న: మా కుక్కపిల్లకి ఇప్పుడు 10 వారాలు. 35 రోజులప్పుడే తల్లి దగ్గర్నుంచి తెచ్చుకున్నాం, తల్లి బయట తిరిగే కుక్క. వచ్చినప్పటి నుంచి చేతులు, కాళ్లు, బట్టలు ఏది దొరికితే అది కొరుకుతోంది. పళ్లు వస్తున్నాయేమో, చిగుళ్లు నొప్పేమో అని మా బాబుకి వాడే నొప్పి సిరప్ రోజుకి రెండుసార్లు పడుతున్నాం, అయినా తేడా లేదు. మూడు రోజుల కింద బాబు (6 ఏళ్లు) వేలు కొరికితే కొంచెం రక్తం వచ్చింది, ఆయింట్‌మెంట్ రాసి బ్యాండేజ్ వేశాం. దానికి వ్యాక్సిన్లు ఇంకా మొదలుపెట్టలేదు. ఇది ఏ స్టేజ్? ఎన్ని నెలలకి తగ్గుతుంది? పెద్దయ్యాక అందర్నీ కరిచే కుక్క అవుతుందా?

సమాధానం: మీరు స్టేజ్ గురించి అడిగారు, దానికి తర్వాత వస్తా. మీ ప్రశ్నలో నాకు కంగారు పుట్టించినవి రెండు, రెండిట్నీ మీరు ఏదో పనిలో పనిగా చెప్పినట్టు రాశారు. ఒకటి బాబు వేలు, రెండోది ఆ సిరప్. అసలు మందు అక్కర్లేని కొరుకుడికి మందు పట్టారు, డాక్టర్‌కి చూపించాల్సిన వేలికి బ్యాండేజ్ చుట్టి ఊరుకున్నారు.

ముందు వేలు. మూడు రోజులైపోయింది కదా అనుకోకండి, ఇది చదివిన రోజే బాబుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. చర్మం తెగి రక్తం వచ్చింది, కరిచిన దానికి వ్యాక్సిన్ లేదు, తల్లి బయట తిరిగేది, దానికి వేయించారో లేదో ఎవరికీ తెలీదు. పిల్ల కుక్కే కదా, ఆడుకుంటూ కొరికింది కదా అంటారు అందరూ. రేబిస్‌కి వయసుతో పని లేదు, చిన్న కుక్కపిల్లలకీ వస్తుంది. మీ కుక్కపిల్లకి రేబిస్ ఉందని నేను అనట్లేదు, ఉండే అవకాశం బాగా తక్కువే అయ్యుండొచ్చు, కానీ లక్షణాలు మొదలయ్యాక ఆ జబ్బుకి వైద్యం లేదు కాబట్టి తక్కువే కదా అని వదిలేసే లెక్క ఇక్కడ పనికిరాదు. కరిచిన వెంటనే సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసుకుని మరీ 15 నిమిషాలు. ఆయింట్‌మెంట్ రాసి గట్టిగా చుట్టేయడం కాదు. ఆ సమయం దాటిపోయింది సరే, వ్యాక్సిన్‌కి మాత్రం దాటిపోలేదు, ఆలస్యమైనా మొదలుపెట్టాల్సిందే అంటారు.

నేను పశువైద్యుణ్ణి, బాబుకి ఎన్ని డోసులు, ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ని అడ్డుకునే యాంటీబాడీలు నేరుగా ఇచ్చే ఇంజెక్షన్) కావాలా వద్దా, టెటనస్ సంగతేంటి అనేది నేను చెప్పకూడదు. గాయం చూసి, మీ ప్రాంతంలో రేబిస్ ఉందా లేదా చూసుకుని మనుషుల డాక్టర్ చెప్తారు. 10 రోజులు కుక్కని గమనిస్తే చాలట కదా అని నన్ను చాలామంది అడుగుతారు. గమనించాలి, నిజమే. కానీ రేబిస్ ఉన్న ప్రాంతాల్లో బాబుకి వ్యాక్సిన్ మొదలుపెట్టి, దాంతో పాటు కుక్కని గమనిస్తారు, ఆ 10 రోజులు అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చోరు. ఈలోపు కుక్కపిల్ల డల్ అయినా, తిండి మానేసినా, నోట్లోంచి చొంగ ధారలా కారినా, దవడ వేలాడినా, నడక తూలినా దాని నోట్లో చేతులు పెట్టి చూడకండి, ఫోన్ చేసి చెప్పి వెట్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక సిరప్. ఏ మందో పేరు రాయలేదు మీరు. పిల్లలకిచ్చేది కాబట్టి మెత్తటి మందు, కుక్కపిల్లకీ పర్లేదు అని మీ లెక్క అయ్యుంటుంది. దయచేసి ఈ పూట నుంచే ఆపేయండి. అది ఐబుప్రోఫెన్ అయితే కుక్కల్లో కడుపులో పుండ్లు పడతాయి, రక్తం పోయి విరేచనం నల్లగా తారులా వస్తుంది, డోసు ఎక్కువైతే కిడ్నీలు దెబ్బతింటాయి. పారాసిటమాల్ అయితే లివర్‌కి ప్రమాదం, మోతాదు మించితే రక్తం ఆక్సిజన్ మొయ్యలేని స్థితి వస్తుంది. మేమూ కొన్నిసార్లు కుక్కలకి పారాసిటమాల్ రాస్తాం, కాదనను, కానీ బరువు తూచి, మిల్లీగ్రాముల్లో లెక్కగట్టి, ఇన్ని రోజులే అని చెప్పి రాస్తాం, 10 వారాల పిల్లకి మూతతో కొలిచి పొయ్యం. ఇంకో సంగతి, షుగర్ లేని సిరప్‌లు కొన్నిట్లో తీపి కోసం జైలిటాల్ వేస్తారు. మనుషులకి ఏం కాదు, కుక్కకి మాత్రం కొద్దిగా పోయినా షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, లివర్ కూడా పాడవ్వొచ్చు. సీసా వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూడండి.

ఒకసారి నా టేబుల్ మీదకి మూడు నెలల పిల్ల ఒకటి వచ్చింది, రెండ్రోజుల నుంచి నీరసం అన్నారు. పెదవి ఎత్తి చూస్తే గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు మట్టిరంగులో ఉన్నాయి, మూతి వాచింది. ఏమన్నా పెట్టారా అంటే ఏం లేదు అన్నారు, రెండోసారి అడిగినా ఏం లేదు. మూడోసారి అడిగాక ఆయన జేబులోంచి చిన్న పిల్లల సిరప్ సీసా బయటికొచ్చింది. ఆ పిల్ల బతికింది, అదృష్టం. కానీ మొదటి ప్రశ్నకే ఆ సీసా బయటికొచ్చుంటే మాకు పని ఇంకా ముందే మొదలయ్యేది. అందుకే మీ వెట్ దగ్గర ఏదీ దాచకండి, ఎవరూ పోలీసులకి పట్టివ్వరు, మహా అయితే నాలాగా రెండు మాటలు అంటారు. వాంతి చేయిద్దామని ఉప్పు నీళ్లు పట్టడం లాంటివి మాత్రం అసలు వద్దు, దాంతో ఇంకో ప్రమాదం.

పోనీ ఆ నొప్పి అన్నా నిజమా అంటే అదీ కాదు. 10 వారాలకి పళ్లు రావు, అప్పటికే వచ్చేసి ఉంటాయి. పాల పళ్లు 28, మూడు నాలుగు వారాలప్పుడు మొదలై రెండు నెలలకల్లా అన్నీ దిగిపోతాయి, సూదుల్లా ఉండేవి అవే. అవి ఊడి పెద్ద పళ్లు రావడం దాదాపు నాలుగో నెలలో మొదలవుతుంది, ఆరేడు నెలలకి 42 పళ్లూ వచ్చేస్తాయి. చిగుళ్ల దురద, నొప్పి ఉండేది అప్పుడు. అంటే మీరు ఇంకా మొదలే కాని నొప్పికి మందు పట్టారు, మరి తేడా ఎలా కనిపిస్తుంది? పళ్లు మారే టైమ్‌లో కూడా గుడ్డ తడిపి మెలిపెట్టి ఫ్రీజర్లో పెట్టి, చల్లబడ్డాక నమలడానికిస్తే చాలావరకు సరిపోతుంది, మీరు పక్కన ఉన్నప్పుడే ఇవ్వండి, మింగేయకుండా. గట్టి ఎముకలు వద్దు, పళ్లు విరుగుతాయి.

మీరడిగిన స్టేజ్ ఇప్పుడు. పుట్టిన మొదటి రెండు వారాలు కళ్లు, చెవులు మూసుకునే ఉంటాయి, మూడో వారానికల్లా చూడటం, వినడం, తూలుతూ నడవడం మొదలు. మూడో వారం నుంచి సుమారు 12, 14 వారాల దాకా ఉండేది ముఖ్యమైన కాలం, మనుషులు, శబ్దాలు, వేరే జంతువులు అన్నిట్నీ ఇవి మామూలే అని మెదడు రాసుకునేది అప్పుడే. మీది సరిగ్గా అందులోనే ఉంది. ఇదే కాలంలో తోబుట్టువులతో కలబడి కొరుక్కుంటూ ఎంత గట్టిగా కొరకొచ్చో నేర్చుకుంటాయి. గట్టిగా కొరికితే అవతలిది కుయ్యిమని ఆట ఆపేసి పోతుంది, తల్లి అయితే గుర్రుమంటుంది, అలా రోజుకి ఎన్నిసార్లో పాఠం. మీరు 35 రోజులకే తెచ్చేశారు. ఎనిమిది వారాలన్నా తల్లి దగ్గర ఉంచాలి, తెలీక చేశారు, సరే, కానీ ఆ పాఠం ఇప్పుడు మీరు చెప్పాల్సొచ్చింది. కరిచే కుక్క అవుతుందా అంటే, ఈ వయసులో ఆటలో కొరకడం మామూలే, దాన్నిబట్టి ఎవరూ జాతకం చెప్పలేరు. ఒళ్లంతా బిగుసుకుని, కదలకుండా చూస్తూ, తిండి గిన్నె దగ్గరకో బొమ్మ దగ్గరకో వెళ్తే పెదవి ఎత్తి గుర్రుమంటే మాత్రం అది ఆట కాదు, అప్పుడు వెట్‌కి చూపించండి.

నేర్పడం కష్టమేం కాదు, ఓపిక కావాలి, ఇంట్లో అందరూ ఒకేలా చెయ్యాలి. చేతిలో పన్ను దిగగానే చెయ్యి విసురుగా లాక్కోకండి, లాగితే దానికి వేట, ఇంకా ఎగబడుతుంది, పైగా చర్మం చీరుకుపోతుంది. చెయ్యి కదపకుండా వదిలేసి, రెండో చేత్తో బొమ్మ ముందు పెట్టండి, బొమ్మ పట్టుకుంటే మెచ్చుకోండి. మళ్లీ చేతి మీదకే వస్తే లేచి, మాట్లాడకుండా, చూడకుండా 20, 30 సెకన్లు పక్కకెళ్లిపోండి. కుయ్ అని అరవమని కొందరు చెప్తారు, కొన్ని పిల్లలు దానికి ఆగుతాయి, కొన్ని ఇంకా రెచ్చిపోతాయి, మీది ఏ రకమో మీరే చూసుకోవాలి. మూతి మీద కొట్టడం, నోరు గట్టిగా మూసి పట్టుకోవడం వద్దు, చెయ్యి వస్తోందంటే భయపడే కుక్కే రేపు భయంతో నిజంగా కరుస్తుంది. ఇంకోటి ఎవరూ పట్టించుకోరు, నిద్ర. ఈ వయసు పిల్ల రోజుకి 18 నుంచి 20 గంటలు పడుకోవాలి. సాయంత్రం అయ్యేసరికి పిచ్చి పట్టినట్టు కాళ్లకి అడ్డం పడి కొరుకుతోంది అంటే సగం సార్లు అది నిద్ర చాలక చేసే మారాం, మీ బాబు చేసినట్టే. ఓ గంట నిశ్శబ్దంగా ఉన్న చోట పడుకోబెట్టి చూడండి.

బాబుని, దాన్ని ఒంటరిగా వదలకండి, ఒక్క నిమిషం కూడా. పిల్లలు పరిగెత్తుతారు, కీచుమని అరుస్తారు, కుక్కపిల్లకి అంతకంటే మంచి బొమ్మ ఉండదు. అది వెంటపడితే పరిగెత్తకుండా చేతులు కట్టుకుని చెట్టులా నిలబడమని బాబుకి నేర్పండి. ఎన్ని నెలలకి తగ్గుతుంది అంటే, ఇలా రోజూ చేస్తే కొన్ని వారాల్లో పట్టు మెత్తబడుతుంది, పళ్లు మారేటప్పుడు మళ్లీ కాస్త పెరగొచ్చు, ఆరేడు నెలలకి చాలావాటికి సర్దుకుంటుంది. అందరికీ ఒకేలా ఉండదు, చూడకుండా నేను గ్యారంటీ ఇవ్వలేను.

వ్యాక్సిన్లు ఆరు నుంచి ఎనిమిది వారాలకి మొదలుపెట్టాలి, మీరు ఇప్పటికే లేటు. రేబిస్‌ది మామూలుగా మూడు నెలలకి. నట్టల మందు కూడా వేయించి ఉండరనుకుంటా, తల్లి కడుపులోంచే వచ్చే పురుగులుంటాయి వీటికి, అవి మన పిల్లలకీ అంటుకుంటాయి. ముందు బాబుని డాక్టర్‌కి చూపించండి. అది అయ్యాక, ఆ రోజే, సిరప్ ఎన్ని రోజులు, పూటకి ఎన్ని ఎంఎల్ పట్టారో కాగితం మీద రాసుకుని, సీసా, కుక్కపిల్ల రెండూ పట్టుకుని దగ్గర్లో ఉన్న వెట్ దగ్గరికి వెళ్లండి. వాంతులు, నల్లటి విరేచనం, చిగుళ్లు పాలిపోవడం లాంటివి కనిపిస్తే మాత్రం రెండూ ఒకేసారి జరగాలి, ఇంట్లో ఒకరు బాబుతో, ఒకరు దానితో.