నాలుక చాచిందా లేదా, అది రాయి

తమ్ముడికి,

తేనెటీగల జ్ఞాపకం మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. "వాసన గుర్తొచ్చి ఈగ మురిసిపోయింది" అన్నావు. మురిపెం కొలిచినవాళ్లు లేరు, చూసింది నాలుకనే. ఆ వాక్యం కొట్టేసి ప్రయోగశాల బల్ల మీద జరిగేది రాయి.

ఈగను మంచులో ఉంచి, కదలిక ఆగాక సన్నని గొట్టంలోకి దించి, తల మాత్రం బయటికి ఉండేలా పట్టీ వేస్తారు. కొన్ని గంటలు పస్తు పెడతారు. ఆపైన లవంగనూనె వాసన వదులుతారు. 3 సెకన్లయ్యాక, వాసన ఇంకా వస్తుండగానే, పంచదార నీళ్లలో ముంచిన పుల్లను మీసానికి తాకిస్తారు. నాలుక చాచగానే ఓ చుక్క తాగనిస్తారు. 10 నిమిషాలకోసారి ఇలా 3 సార్లు చేస్తే, ఆ తర్వాత ఒట్టి వాసనకే నాలుక బయటికొస్తుంది. అది రోజుల తరబడి నిలుస్తుంది. అవే 3 సార్లు అర నిమిషం ఎడంతో గబగబా కానిస్తే అంతకాలం నిలవదు. నీ వ్యాసంలో ఈ ఎడం ఊసే లేదు.

(పాఠ్యపుస్తకం మాట స్పర్శశృంగాలు ఒక్కసారి చెప్పు, తర్వాత మీసాలు అనేయ్.)

ఎక్కడ చెడుతుందో కూడా రాయి. కడుపు నిండిన ఈగ నాలుక చాచదు. పంచదార ముందు, వాసన వెనక అయితే నేర్చుకోదు. వాసనతో పాటే గాలి ఉఫ్‌మని తగిలితే ఆ తాకిడినే నేర్చుకోవచ్చు. అందుకే గాలిని ఆపకుండా పోనిస్తూ వాసనను అందులో కలుపుతారు, పాత వాసన గదిలో నిలవకుండా ఫ్యానుతో బయటికి లాగేస్తారు. అన్నిటికన్నా ముఖ్యం రెండో గుంపు: అంతే వాసన, అంతే పంచదార, కానీ వేరువేరు వేళల్లో. పంచదార తాగి హుషారెక్కిన ఈగ దేనికైనా నాలుక చాచుతుందేమో అన్న అనుమానం ఈ గుంపుతోనే తీరుతుంది. దీన్ని వదిలేస్తే నీ వ్యాసం కూలుతుంది.

మెదడు సంగతికొస్తే ఒక్క ఉదాహరణ చాలు. 1993లో మార్టిన్ హామర్ అనే శాస్త్రవేత్త పంచదార బదులు, వాసన వెంటనే ఒకే ఒక్క నాడీకణాన్ని విద్యుత్తుతో ప్రేరేపించాడు. రుచి తగలకుండానే ఈగ నేర్చుకుంది. ఆ కణం వెదజల్లే రసాయనం ఆక్టోపమిన్. అలాగని "కీటకాలన్నిటిలో ఇంతే" అనకు. పండ్ల ఈగలో పంచదార బహుమతిని జ్ఞాపకానికి ముడివేసేవి ముఖ్యంగా డోపమిన్ అనే వేరే రసాయనాన్ని వెదజల్లే కణాలు.

శీర్షికలో "మేధావి" తీసేసి మళ్లీ పంపు.